గేజిని కొలవండి

కిందటి వారం మనం భూతద్దమ్మను స్కోరింగు గదిలో, కుడిచేతి గుప్పిట బిగించి నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఆ గుప్పిట్లో ఉన్నది గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేంత ఉక్కు ముక్క. దాన్ని పెట్టెలో పెట్టెయ్యమని మాస్టారు రెండుసార్లు అడిగారు. ఆవిడ పెట్టలేదు. పందొమ్మిదేళ్ళలో మాస్టారి మాట ఆవిడ కాదనడం అదే మొదలు.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కల్లో సంగతి చెబుతాను. నిన్న ఆడవాళ్ళ రైఫిలు పోటీ జరిగింది. ఒక్కొక్కరికి ఆరు కాగితాలు, కాగితానికి పది నల్ల గుండ్రాలు, గుండ్రానికి ఒక్కటే గుండు. మొత్తం అరవై. జాతీయ జట్టులో మిగిలి ఉన్నది ఒకే ఒక్క చోటు. దానికి పోటీపడ్డవాళ్ళలో రైఫిలు సంఘం కార్యదర్శి గారి మేనకోడలు, అందరూ లాయరమ్మ అనే పిల్ల, అయిదు వందల ఎనభై తొమ్మిది కొట్టింది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే టైలరమ్మాయి, క్లబ్బు వాళ్ళ పాత రైఫిలుతో, అయిదు వందల ఎనభై ఎనిమిది.

చిక్కంతా ఆ టైలరమ్మాయి నాలుగో కాగితంలో ఏడో గుండ్రం దగ్గర వచ్చింది. గుండు పది మార్కుల గీతను తాకిందా, తాకలేదా అన్నది కంటికి తేలలేదు. అలాంటప్పుడే గేజి వాడతారు. అదొక సన్నటి కాడ, దాని చుట్టూ గొడుగులాంటి పల్చటి అంచు. కాడను రంధ్రంలోకి దించితే, అంచు సరిగ్గా గుండు వెడల్పున కాగితం మీద కూర్చుంటుంది. అంచు గీతను తాకితే పది, తాకకపోతే తొమ్మిది. కాగితం సాగిపోతుంది కాబట్టి ఒక రంధ్రంలో ఒక్కసారే దించాలి. దించాక ఇద్దరు పరీక్షకులూ, అంటే మాస్టారూ భూతద్దమ్మా, పక్కన పొట్టి సంతకాలు పెట్టాలి.

ఈ ఉదయం మాస్టారు గేజి దించి తొమ్మిదన్నారు. భూతద్దమ్మ అలవాటుగా సంతకం గీకేసింది. గీకేశాక, గేజి పైకి తీయబోతూ, అద్దంలోంచి ఒకసారి చూసింది. గుండు దూసుకుపోతూ కాగితం మీద వదిలిన మసి వలయం, గేజి అంచు కింద దాగి ఉండవలసింది, చుట్టూతా బయటికి కనిపిస్తోంది. గొడుగు పట్టుకున్నవాడి భుజాలు రెండూ తడుస్తుంటే గొడుగు చిన్నదనే కదా అర్థం.

అప్పుడు బిగించింది గుప్పిట.

"అది సంఘం సొత్తమ్మా" అన్నారు మాస్టారు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. ఒకప్పుడు సాంకేతిక పాఠశాలలో డ్రాయింగు చెప్పేవారు. పెన్సిలు చెక్కడం దగ్గర్నుంచి భూతద్దం ఏ కోణంలో పట్టాలో దాకా ఆవిడకు నేర్పింది ఆయనే. ఆవిడ ఆ అద్దానికి ఎంత అతుక్కుపోయిందంటే, అసలు పేరు మరుగునపడి భూతద్దమ్మే మిగిలింది.

"సంఘం సొత్తే మాస్టారూ. నేను తినెయ్యను."

"పెట్టెలో పెట్టు మరి."

"పెట్టను."

గదిలో ఉన్నవి ఒక పొడుగాటి బల్ల, దాని మీద గాజు పలక, రెండు ట్యూబులైట్లు, గోడవారగా ఇనప బీరువా. కిటికీలోంచి చూస్తే, పోటీ జరిగిన రేంజి మీద గాలి వాటం చూపే జెండాలు వేలాడుతున్నాయి. గాలి లేదు. నడవాలో బెంచీల మీద షూటర్లు కూర్చుని, ఖాళీగా ఉన్న ఫలితాల బోర్డు వైపు చూస్తున్నారు.

కార్యదర్శి చేతిలో టైపు చేసిన ఫలితాల కాగితం ఉంది. దాని కింద మాస్టారి సంతకం ఉంది. పక్కన ఖాళీ.

"చూడండమ్మా" అన్నాడు. "పదకొండు దాటింది. బయట అందరూ కాచుకుని కూర్చున్నారు. మీ సంతకం ఒక్కటే తరువాయి. అది పడేస్తే తర్వాత మీరు మీరు తీరిగ్గా కొట్టుకోండి."

"ఈ గేజి సంగతి తేలేదాకా పడదు."

"తేలేదేముంది" అన్నారు మాస్టారు. "ఒక రంధ్రంలో గేజి ఒక్కసారే. ఆ రూలు నీకు నేర్పింది నేను. మళ్ళీ దించడానికి ఒప్పుకోను."

"రంధ్రాన్ని మళ్ళీ కొలవమనడం లేదు మాస్టారూ. గేజిని కొలవమంటున్నాను."

ముందు తేరుకున్నది కార్యదర్శి. నవ్వాడు కూడా.

"దేంతో కొలుస్తామో దాన్నే కొలుస్తారా ఎవరైనా?"

"మా ఫ్యాక్టరీలో ప్రతి సోమవారం కొలుస్తాం."

అది నిజం. ఆవిడది బేరింగుల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉక్కు గుళ్ళను కొలవడమే పని. 'మా ఆవిడ నన్ను చూసి చేసుకోలేదు, కొలిచి చేసుకుంది' అని ఆవిడ భర్త పాతికేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు, వినేవాళ్ళు దొరికినప్పుడల్లా.

"ఇది మీ ఫ్యాక్టరీ కాదు" అన్నాడు కార్యదర్శి. నవ్వు మాయమైంది. "మీరిక్కడికి వచ్చేది గుండ్రాలు లెక్కపెట్టడానికి. వచ్చే ఏడాది ఈ గదిలో మీరుండాలో వద్దో కమిటీ చూసుకుంటుంది."

"చూసుకోనివ్వండి. ఈ ఏడాది ఉన్నాను కదా."

తలుపు దగ్గర చిన్న దగ్గు వినిపించింది. టైలరమ్మాయి. ఫిర్యాదు ఆమెది కాబట్టి లోపలికి పిలిపించారు. ఇంతసేపూ కుక్కిన పేనులా నిలబడి ఉంది. సూదిపోట్లతో గరుకెక్కిన వేళ్ళను చున్నీ కొంగులో చుట్టుకుంటోంది.

"అక్కా, పోనీలెండి. నా ఒక్కదాని కోసం మీకెందుకు మాట పడటం."

"నీ కోసమని ఎవరన్నారు?" అంది భూతద్దమ్మ, తల తిప్పకుండానే. "నువ్వు కొట్టావు, నీ పనైపోయింది. ఇది నా పని."

అంతలో నడవాలోంచి చెప్పుల చప్పుడు. ఆవిడ భర్త. వాచీల రిపేరు దుకాణం సగం తలుపు మూసి, ఆవిడ ఫోను చేసి చెప్పిన వస్తువు గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు. లోపల అందరి మొహాలూ ఒకసారి చూసి, పలకరింపుల జోలికి పోకుండా సంచిలోంచి చెక్కపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"మైక్రోమీటరు" అన్నాడు. "అన్నానికి కూర్చునే ముందు చేతులు కడుక్కోకపోయినా, దీన్ని తుడవకుండా మాత్రం పెట్టెలో పెట్టదు. నమ్మొచ్చు."

"ఇంట్లోంచి తెచ్చినదాన్ని మేమెలా నమ్ముతాం?" అన్నాడు కార్యదర్శి.

"నా దుకాణానికి వచ్చే వాచీలన్నీ తామే కరెక్టంటాయండీ. అందుకే గోడకు పెద్ద గడియారం ఒకటి పెట్టుకున్నాను" అన్నాడు ఆయన.

భూతద్దమ్మ పెట్టె తెరిచింది. మైక్రోమీటరు పక్కనే, గుడ్డలో చుట్టిన చిన్న ఉక్కు బిళ్ళ ఉంది. సరిగ్గా అయిదు మిల్లీమీటర్లు, ధ్రువపత్రంతో సహా. ముందు దాన్ని కొలిచింది. మైక్రోమీటరును కార్యదర్శి చేతికే ఇచ్చింది.

"మీరే చదవండి."

అతను కళ్ళు చిట్లించాడు. "అయిదు. సున్నా, సున్నా."

"నమ్మకం కుదిరిందా?"

అతను మైక్రోమీటరును తిరిగి ఇచ్చేశాడు. ఆవిడ గుప్పిట విప్పింది. ఉక్కు ముక్క అంచు ఆవిడ అరచేతిలో ఎర్రటి వంకీ వేసి ఉంది. దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి, మర కిటకిటమనేదాకా నెమ్మదిగా తిప్పింది. చూసింది. గేజిని కొంచెం తిప్పి మళ్ళీ కొలిచింది. ఇంకొంచెం తిప్పి మూడోసారి. ఎక్కడో లోపల, తానే పొరపాటు పడి ఉంటే బాగుండునని కూడా అనుకుంది.

"అయిదూ నలభై ఎనిమిది" అంది. "మూడుసార్లూ అంతే. అయిదూ అరవై మిల్లీమీటర్లు ఉండాలి. ఒక్క పిసరు ఎక్కువైనా ఒప్పుకుంటారట గానీ, తక్కువైతే ఒప్పుకోరని రూల్సు పుస్తకంలో ఉంది. ఆ పేజీ నాకు మాస్టారే చూపించారు."

"అయిదూ నలభై ఎనిమిదికీ అయిదూ అరవైకీ తేడా ఏపాటిది?" అన్నాడు కార్యదర్శి. "కంటికి ఆనుతుందా అసలు?"

ఆవిడ భర్త తన నెత్తి మీంచి ఒక తెల్లవెంట్రుక పీకి గాజు పలక మీద పెట్టాడు. "ఈ పక్క ఇంత, ఆ పక్క ఇంత. వెంట్రుకవాసిలో తప్పిపోయిందంటాం చూడండి, ఆ వాసి ఇదే."

టైలరమ్మాయి ఒక అడుగు ముందుకు వేసి ఆ వెంట్రుక వైపు చూసింది. మూడేళ్ళుగా, ఆదివారాలన్నీ, తెల్లారకముందే లేచి ఆమె కష్టపడింది ఆపాటి దూరం కోసమే.

మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. కళ్ళద్దాలు తీశారు. అవి లేకపోతే ఆయన మొహం ఎవరో ముసలాయన మొహంలా ఉంది.

"ఆరేళ్ళయింది" అన్నారు. "కిందపడి అంచు ఒకచోట నొక్కుకుపోయింది. పెట్టినప్పుడల్లా కాగితాన్ని చీరేసేది. నూనెరాయి మీద నేనే నూరాను. నునుపైంది. బాగుందనుకున్నాను. ఆ తర్వాత ప్రతి పోటీకీ ముందు ఒక రుద్దు రుద్దడం అలవాటైపోయింది."

"కొత్తది పంపమని రాయొచ్చుగా."

"రాస్తే పాతది ఏమైందని అడుగుతారు."

"చెబితే?"

ఆయన పెదవులు తడుపుకున్నారు. "ముప్ఫై ఏళ్ళమ్మా. ఒక్క ఫిర్యాదు కూడా నిలవలేదు నా మీద."

"నిలవలేదు" అంది ఆవిడ. "ఎలా నిలుస్తుంది? మీరు నూరారు. నేను నమ్మాను. ఆరేళ్ళుగా మీ సంతకం పక్కన నా సంతకం ఉంది మాస్టారూ. ఫ్యాక్టరీలో సోమవారం సోమవారం అందరి పరికరాలూ కొలిచి పారేసేదాన్ని, ఆదివారం ఇక్కడికొచ్చి కళ్ళు మూసుకుని గీకాను. కంచె చేను మేస్తుంటే కాపలా కూర్చున్నది నేను. మీరొక్కరే తలవంచుకోనక్కర్లేదు."

అందులో కోపం ఎంతో, దుఃఖం ఎంతో ఆవిడకే తెలియలేదు. కానీ గొంతు తగ్గించలేదు. నడవాలో మాటలు ఆగిపోయాయి. బెంచీల మీదివాళ్ళు వింటున్నారని ఆవిడకు తెలుసు. విననీ అనుకుంది.

భూతద్దమ్మ టైలరమ్మాయి కొట్టిన నాలుగో కాగితాన్ని ముందుకు లాగింది. ఏడో గుండ్రం పక్కన తన పొట్టి సంతకం మీద అడ్డంగా ఒక గీత గీసింది. దాని కింద, బడిపిల్ల చూచిరాతంత స్పష్టంగా రాసింది: 'గేజి తప్పు. అయిదూ నలభై ఎనిమిది.'

"ఇక మీ ఇష్టం" అంది మాస్టారితో. "మీరు పెద్ద. గేజి చెల్లదంటే పారదర్శకపు బిళ్ళతో చూద్దాం. చెల్లుతుందంటే, నా సంతకం లేకుండా ఫలితం ఎలా పెడతారో పెట్టుకోండి. నేను వెళ్ళి ఆ ఖాళీ బోర్డు కింద కూర్చుంటాను. అడిగినవాళ్ళందరికీ ఎందుకు ఖాళీగా ఉందో చెబుతాను."

కార్యదర్శి మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. "ఆరేళ్ళ ఫలితాలు, మాస్టారూ. ఆలోచించండి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేకండి."

మాస్టారు తన భుజం మీది చేతిని, దుమ్ము దులిపినట్టుగా కాదు, ఎవరిదో వస్తువు వాళ్ళకు తిరిగి ఇచ్చినట్టుగా పక్కకు తీసి పెట్టారు. కలం అందుకున్నారు. భూతద్దమ్మ రాసిన వాక్యం కింద సంతకం చేశారు.

"బిళ్ళ తియ్యి" అన్నారు.

అది బీరువా అరలో, సన్నటి కాగితంలో చుట్టి ఉంది. గాజులా తేటగా ఉండే చదునైన బిళ్ళ. దాని మీద గుండు వెడల్పున చెక్కిన సన్నని వలయం. గేజి దించడానికి వీల్లేని చోట దాన్ని పైన పరిచి చూస్తారు. ఆవిడ బిళ్ళను మసి వలయం మీదికి జరిపి, పక్కకు తప్పుకుని, భూతద్దాన్ని మాస్టారికి ఇచ్చింది. ఆయన వంగారు. ఊపిరి బిళ్ళ మీద పడకుండా నోరు పక్కకు తిప్పుకున్నారు. ఆ ఒడుపు కూడా ఆవిడ ఆయన దగ్గరే నేర్చుకుంది.

"తాకింది" అన్నారు. "పది."

టైలరమ్మాయి నవ్వలేదు, ఏడవలేదు. చున్నీ కొంగు వదిలేసి, రెండు చేతులూ పక్కకు దించి, నిటారుగా నిలబడింది. అయిదు వందల ఎనభై తొమ్మిది. లాయరమ్మతో సమానం. సమానమైనప్పుడు నట్టనడుమ చుక్కను కొట్టినవి ఎవరికి ఎక్కువుంటే వాళ్ళదే పైచెయ్యి. అవి ఈమెకే ఎక్కువ.

ఇక్కడితో ఈ వారం కథ చక్కగా ముగిసిపోవలసింది. కానీ కార్యదర్శి మొహంలో ఓడిపోయినవాడి కళ లేదు. అతను వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

"న్యాయం అందరికీ ఒకటే కదమ్మా" అన్నాడు. "మా మేనకోడలికీ రెండు పోయాయి, ఇదే గేజితో. రెండూ తొమ్మిదులే అన్నారు. వాటినీ చూడండి మరి."

భూతద్దమ్మ కూడా మనసులో లెక్క వేసుకుంది. రెండింట్లో ఒక్కటి పదైనా లాయరమ్మ అయిదు వందల తొంభై. అప్పుడు ఇంత పోరూ చేసి, ఈ పిల్ల చేతికి వచ్చిన చోటు తన చేత్తోనే లాగేసినట్టవుతుంది. ఫిర్యాదు ఒక్క కాగితం మీదే ఇచ్చారు, మిగతావి చూడనక్కర్లేదు అనడానికి రూలు ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. భర్త వైపు చూసింది. ఆయన వెంట్రుకను గాజు పలక మీంచి ఊదేస్తున్నాడు, తనకేమీ పట్టనట్టు.

"చూడండక్కా" అంది టైలరమ్మాయి. ఈసారి ముందు దగ్గలేదు. "అందరివీ చూడండి. నాకు దానం వద్దు."

"చూస్తాం" అంది భూతద్దమ్మ. "మీ మేనకోడలివే కాదు. గేజి దించిన ప్రతి రంధ్రమూ చూస్తాం. ముందు మీవే తెండి."

రెండో కాగితం, మూడో గుండ్రం. బిళ్ళ పరిచింది. వలయానికీ గీతకూ మధ్య తెల్లటి సందు దారంలా కనిపించింది. మాస్టారూ చూశారు. "తొమ్మిదే" అన్నారిద్దరూ.

"ఇంకోటుంది" అన్నాడు కార్యదర్శి.

ఆరో కాగితం. చివరి గుండ్రం. అరవయ్యో గుండు. ఆవిడ బిళ్ళను వలయం మీదికి తెచ్చింది. చెక్కిన గీత వెళ్ళి పది గీత మీద కూర్చుంది. ఒక వెంట్రుకంత కిందికి జరిపితే చాలు, కూర్చోదు. అద్దం ఆవిడ కంటి దగ్గరే ఉంది. చెయ్యి ఆవిడదే. ఎవరికీ తెలియదు.

ఆవిడ చెయ్యి కదపలేదు.

"పది" అంది, నడవా చివరిదాకా వినపడేలా.

కార్యదర్శి కలం మూత తీశాడు. టైపు కాగితం మీద పాత అంకె కొట్టేసి, అయిదు, తొమ్మిది వేసి, సున్నా చుట్టబోతున్నాడు.

"మావయ్యా, ఆగు."

లాయరమ్మ. ఎప్పుడొచ్చి నిలబడిందో, గుమ్మంలో ఉంది. కాన్వాసు షూటింగు జాకెట్టు బిరుసుగా ఒంటి మీద అట్టలా నిలబడి ఉంది. రాత్రంతా నిద్రలేని కళ్ళు.

"నువ్వు బయట ఉండు. అయిపోవచ్చింది" అన్నాడు కార్యదర్శి.

ఆమె లోపలికి వచ్చింది. జాకెట్టు జేబు జిప్పు లాగి, అందులోంచి ఒక చిన్న ఇత్తడి తూటా తీసి, గాజు పలక మీద నిలబెట్టింది. దాని మొనన సీసపు గుండు అలాగే ఉంది.

"ఆ పది నాది కాదు. తొమ్మిదీ నాది కాదు. ఆఖరి కాగితం మీద నేను పేల్చినవి తొమ్మిది గుళ్ళే. పదోది ఇదిగో. పేలలేదు. మార్చుకునేలోపు టైమైపోయింది. పదో గుండ్రం ఖాళీగా వదిలేసి లేచాను."

భూతద్దమ్మ అద్దం తూటా మీదికి తిప్పింది. ఇత్తడి అంచున రైఫిలు సూది కొట్టిన నొక్కు స్పష్టంగా ఉంది. కొట్టింది, పేలలేదు. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే.

"ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

"నిన్న సాయంత్రమే మావయ్యకు చెప్పాను. సున్నా పడుతుందని చెప్పాను. ఎవరితోనూ అనకు, నేను చూసుకుంటానన్నాడు. తొమ్మిది పడిందని పొద్దున విన్నాను."

టైపు కాగితం మీద సున్నా సగంలో ఆగిపోయింది. మాస్టారు కుర్చీలోంచి లేచి, ఆరో కాగితాన్ని దీపానికి ఎదురుగా ఎత్తి పట్టారు. పదో గుండ్రంలోంచి గుండ్రంగా వెలుతురు వచ్చింది.

"ఖాళీగా వదిలిన గుండ్రంలో రంధ్రం ఎవరు కొట్టారు?" అంది భూతద్దమ్మ.

కార్యదర్శి కలం జేబులో పెట్టుకుని తలుపు వైపు నడిచాడు. లాయరమ్మ అతనికంటే ముందే వెళ్ళి తలుపు మూసింది. మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"చెప్పి వెళ్ళు మావయ్యా."